ఆట నాణెం ఎంతకాలం చెల్లుతుంది?

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే గ్రామం ఉన్నది. శాతవాహనుల చరిత్రను చదివినవారికి ఈ పేరు సుపరిచితం. ఇక్కడ దొరికిన నాణేలలో ఆ వంశానికి మూలపురుషుడైన సిముకుని పేరు గలవి ఉన్నాయి. అంతకు పూర్వపు పాలకులైన గోబద, నారన, కంవాయ, సమగోపుల పేర్లు గలవి కూడా ఉన్నాయి. రెండువేల ఏళ్లకు పూర్వమే ఈ ప్రాంతంలో నాణెం చేతులు మారిందనడానికి ఇవి సాక్ష్యం. ఆ నాణేనికి విలువ రెండు ఆధారాల మీద నిలిచింది. ఒకటి దానిలోని లోహం, రెండవది దానిమీద ముద్ర వేసిన పాలకుని మాట.

తరువాతి కాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజారులలో నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా చెల్లింది. 1950లో భారత రూపాయి ప్రవేశించినప్పుడు 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు అనే లెక్క అమలైంది. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసింది. ఒక నాణెం పోయి మరొక నాణెం వచ్చినా బజారు తలకిందులు కాలేదు. మార్చుకోవడానికి ఒక నిర్ణీతమైన రేటు, ఆ రేటుకు పూచీపడే ప్రభుత్వం ఉండడమే దానికి కారణం.

ఈ రెండు ఆధారాలూ లేని మూడవ రకం నాణెం ఒకటి ఇటీవల పుట్టింది. అది ఫోనులో ఆడే ఆటలో పుడుతుంది. దానిని టోకెన్ అంటారు, తెలుగులో బిళ్ల అనవచ్చును. ఆటలో గెలిచినవారికి బిళ్లలు వస్తాయి. వాటిని బజారులో అమ్మి డబ్బు చేసుకోవచ్చునని ఆట నిర్మించినవారు చెప్పారు. ఆటలన్నీ డబ్బు ఖర్చు పెట్టించేవే గాని సంపాదించి పెట్టేవి కావు గదా, ఈ ఆట మాత్రం ఎట్లా సంపాదించి పెడుతుంది? ఎంతకాలం పెడుతుంది? ఈ విమర్శకు విషయం ఇదే.

ఈ ప్రశ్న పై మూడు పట్టణాలవారికి దూరపు సంగతి కాదు. ఇక్కడినుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవారు వేలసంఖ్యలో ఉన్నారు. ఎక్కడో దూరదేశంలో జరిగిన సంపాదన బ్యాంకు ద్వారా ఇంటికి చేరడం ఇక్కడి పిల్లలు పుట్టినప్పటినుంచీ చూస్తున్న విషయం. కనుక ఫోనులో ఆడితే డాలర్లు వస్తాయంటే వారికి అంత వింతగా తోచదు. డిజిటల్ నాణేల పేరిట సభ్యులను చేర్పించే గొలుసుకట్టు పథకాలపై 2024లో ఉత్తర తెలంగాణలో పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. వాటిలో చాలావరకు పచ్చి మోసాలు, వాటిని విమర్శించడానికి శాస్త్రం అవసరం లేదు. మోసం చేయాలనే ఉద్దేశం లేకుండా, తెలివైన ఇంజనీర్లు శ్రద్ధగా నిర్మించిన పథకం కూడా ఎందుకు కూలిందో తెలుసుకోవడానికి మాత్రం కొంత లెక్క కావాలి.

గొలుసు ఖాతా ఏమి చేయగలదు?

ఈ ఆటలకు ఆధారం బ్లాక్‌చెయిన్. అనగా అనేక కంప్యూటర్లలో ఒకేవిధంగా ఉండే ఖాతా పుస్తకం. అందులో ఒక్కొక్క పుటలో కొన్ని లావాదేవీలు ఉంటాయి. ప్రతి పుటలోనూ దాని ముందరి పుట సారాంశం ఒక సంఖ్యగా చేరి ఉంటుంది. ముందరి పుటలో ఒక్క అంకె మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది, అప్పుడు తరువాతి పుటలేవీ దానితో పొసగవు. అందుచేత పాత లెక్కను ఎవరైనా దొంగచాటుగా దిద్దితే వెంటనే బయటపడుతుంది. ఇది నిజంగా మెచ్చుకోదగిన నిర్మాణం.

ఐతే ఈ పుస్తకం ఏమి రుజువు చేస్తుందో, ఏమి రుజువు చేయదో విడదీసి చూడాలి. ఎవరివద్ద ఎన్ని బిళ్లలు ఉన్నాయో అది రుజువు చేస్తుంది. ఆ బిళ్లకు బదులుగా మరొకరు బియ్యం ఎందుకు ఇవ్వాలో అది చెప్పలేదు. పట్వారీ పహాణీలో పేరు సరిగా వ్రాసినంత మాత్రాన చేనులో పంట పండదు.

పంట మాట అటుంచి, చేను కూడా ఆటగాడిది కాదని తెలిపే ఉదాహరణ ఒకటి ఉన్నది. ఎఫ్‌వన్ డెల్టా టైమ్ అనే కార్ల పందెపు ఆటలో 2019లో ఒక బొమ్మ కారు లక్ష డాలర్లకు పైగా వెలకు అమ్ముడుపోయింది. 2022 మార్చిలో ఆ ఆట మూతపడింది. కారు ఎవరిదో చెప్పే వ్రాత గొలుసు ఖాతాలో చెక్కుచెదరలేదు, కాని దానిని నడపడానికి ఆట లేదు. కంపెనీ బదులుగా వేరే బిళ్లలు ఇచ్చింది. ఖాతాలోని వ్రాత ఆటగాడిది, ఆట నడిచే యంత్రం కంపెనీది. ‘ఆటలోని వస్తువులు మీ సొంతం’ అనే ప్రచారంలో ఈ తేడా వినిపించదు.

ఆక్సీ పథకం

ఈ తరహా ఆటలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది ఆక్సీ ఇన్ఫినిటీ. వియత్నాంలోని హోచిమిన్ నగరంలో స్కై మేవిస్ అనే సంస్థ 2018లో దీనిని ప్రారంభించింది. ఆక్సీలు అనే బొమ్మ జీవులను పెంచి, వాటిచేత పోట్లాడించడం ఇందులోని ఆట. ఆ రోజులలో ఆడదలచినవాడు మొదట మూడు జీవులను కొనవలసి ఉండేది. 2021 నడుమ వాటి వెల కొన్ని వందల డాలర్లకు చేరింది.

పోరులో గెలిస్తే ఎస్‌ఎల్‌పీ అనే బిళ్లలు వచ్చేవి. రెండు జీవులను జతపరచి కొత్త జీవిని పుట్టించాలంటే ఈ బిళ్లలు చెల్లించాలి. అట్లా చెల్లించిన బిళ్లలు శాశ్వతంగా రద్దవుతాయి. ఒక జీవి ఏడుసార్లకు మించి పిల్లలను కనరాదు. ఎస్‌ఎల్‌పీకి మొత్తం మీద సంఖ్యా పరిమితి లేదు. ఏఎక్స్‌ఎస్ అనే రెండవ బిళ్ల కూడా ఒకటి ఉన్నది. దాని సంఖ్య 27 కోట్లకు మించకుండా కట్టడి చేశారు.

చెరువు కట్టడం తెలిసినవారికి ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది. పోరులు వాగులవలె బిళ్లలను తెచ్చి నింపుతాయి. జీవులను పుట్టించడం తూమువలె వాటిని బయటికి వదులుతుంది. వచ్చేదీ పోయేదీ సమంగా ఉంటే నీటిమట్టం నిలుస్తుంది, బిళ్ల వెల కూడా నిలుస్తుంది. రాక మాత్రమే పెరిగితే బిళ్లలు పొర్లి వెల పడిపోతుంది. ద్రవ్యం ఎక్కువై, దానితో కొనదగిన సరుకు పెరగకపోతే ద్రవ్యం చవకబడుతుందని 1911లో ఇర్వింగ్ ఫిషర్ తన గ్రంథంలో సమీకరణ రూపంలో చూపిన సంగతి అర్థశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే.

పథకకర్తలకు ఈ సూత్రం తెలియక కాదు. వాగునూ కట్టారు, తూమునూ పెట్టారు. వారి పొరపాటు తూము పెట్టిన చోటులో ఉన్నది.

తూము ఎక్కడ ఉన్నది?

బిళ్లలు రద్దయ్యేది జీవులను పుట్టించినప్పుడు. కొత్త జీవులు ఎవరికి కావాలి? పాత ఆటగాడికి మూడు జీవులు ఇదివరకే ఉన్నాయి. ఆ జీవులు ముసలివై చనిపోవు, అరిగిపోవు. కావున కొత్త జీవులను ముఖ్యంగా కొనేవాడు ఆటలోకి కొత్తగా వచ్చేవాడే. అనగా బిళ్లల పుట్టుక పాత ఆటగాళ్ల సంఖ్యను బట్టి ఉంటే, వాటి రద్దు కొత్త ఆటగాళ్ల సంఖ్యను బట్టి ఉన్నది. ఈ రెండూ సమంగా ఉండాలంటే కొత్తవారి రాక పాతవారి సంఖ్యకు అనులోమానుపాతంలో ఉండి తీరాలి. దీని ఫలితం ఎంత దూరం పోతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చును. ఇందులోని అంకెలు లెక్క సౌకర్యం కోసం ఎన్నుకొన్నవి.

ఒక ఆటలో 10,000 మంది ఉన్నారనుకొందాం. ఒక్కొక్కరు రోజుకు 100 బిళ్లలు సంపాదిస్తారు. రోజుకు పుట్టే బిళ్లలు 10 లక్షలు. ఒక జీవిని పుట్టించడానికి 1,000 బిళ్లలు ఖర్చు. కొత్తగా వచ్చే ఒక్కొక్కనికి మూడు జీవులు కావాలి గనుక, ఒక్కొక్కరి రాకవలన 3,000 బిళ్లలు రద్దవుతాయి. 10 లక్షల బిళ్లలు రద్దు కావాలంటే ఆ రోజు సుమారు 333 మంది కొత్తవారు రావాలి. అనగా ఉన్నవారిలో ముప్పయ్యవ వంతు.

మరునాడు ఈ కొత్తవారు కూడా సంపాదించడం మొదలుపెడతారు. కనుక ఆనాడు కావలసిన కొత్తవారు 333 కాదు, 344. ఆ మరునాడు 356. చక్రవడ్డీ లెక్క ఇదే. ఈ చొప్పున ఆటగాళ్ల సంఖ్య 21 రోజులకు ఒకసారి రెట్టింపు కావాలి. 10,000తో మొదలైన ఆట ఏడాది తిరిగేసరికి సుమారు 157 కోట్ల మందికి చేరాలి. భారతదేశ జనాభా మొత్తం ఆడినా చాలదు. రోజుకు ముప్పయ్యవ వంతు బదులు మూడువందలవ వంతు పెరిగితే చాలునని సర్దుకొన్నా గండం తప్పదు, కొంత ఆలస్యమవుతుంది. అప్పుడు రెట్టింపుకు పట్టేది 21 రోజులు కాదు, దాదాపు ఏడు నెలలు.

గొలుసు ఖాతా ఎంత నిజాయితీగా నడిచినా, ఎవరూ ఒక్క పైసా దొంగిలించకపోయినా ఈ లెక్క మారదు. లోపం మనుషుల గుణంలో కాదు, పథకపు సమీకరణంలో ఉన్నది. అందుకే ఇటువంటి పథకాన్ని మోసమని కొట్టివేయడంకన్నా తప్పు లెక్క అని నిరూపించడం విద్యార్థులకు మేలు చేస్తుంది. మోసగాడు ఒకడు పట్టుబడితే మంచివాడు నడిపే పథకం ఎక్కడో ఉండవచ్చునని ఆశ మిగులుతుంది. లెక్క తెలిసినవారికి ఆ ఆశ మిగలదు.

జరిగినది

2020లో కోవిడ్ వలన పనులు నిలిచినప్పుడు ఫిలిప్పీన్స్ దేశంలోని కబనాటువాన్ అనే పట్టణంలో ఈ ఆట ఉపాధిగా వ్యాపించింది. ఫిలిప్పీన్స్ కూడా పరదేశ వలస మీద బ్రతికే కుటుంబాలు ఎక్కువగా ఉన్న దేశమే. ఆ రోజులలో కొందరు ఈ ఆటతో ఇల్లు గడుపుకొన్న మాట వాస్తవం, దానిని కాదనరాదు. 2021 జూలైలో ఒక ఎస్‌ఎల్‌పీ వెల దాదాపు 40 సెంట్లకు చేరింది. అదే ఏడాది నవంబరులో రోజువారీ ఆటగాళ్ల సంఖ్య 27 లక్షల దరిదాపులకు పోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. బిళ్ల వెల శిఖరానికి చేరింది జూలైలో, ఆటగాళ్ల సంఖ్య శిఖరానికి చేరింది నవంబరులో. అనగా జనం పెరుగుతూ ఉండగానే వెల పడుతూ వచ్చింది. పైన చూపిన లెక్క చెప్పేదీ ఇదే. జనం పెరిగితే చాలదు, పెరుగుదల వేగం నిలవాలి. ఆ వేగం తగ్గిన నాడే బిళ్ల దిగజారుతుంది.

2022 ఫిబ్రవరి నాటికి ఎస్‌ఎల్‌పీ వెల ఒక సెంటు దరిదాపులకు దిగింది. రద్దయ్యేవాటికన్నా పుట్టే బిళ్లలు చాలా ఎక్కువగా ఉన్నాయని సంస్థ స్వయంగా అంగీకరించి, ఆటలో ఒక భాగానికి ఇచ్చే రోజువారీ బిళ్లలను పూర్తిగా నిలిపివేసింది. వెల కొద్దిరోజులు పెరిగి మళ్లీ పడింది. అదే సంవత్సరం మార్చి 23న ఈ ఆటకు అనుబంధమైన రోనిన్ అనే గొలుసు ఖాతానుంచి 60 కోట్ల డాలర్లకు పైగా విలువగల ధనం దొంగిలించబడింది. లావాదేవీలను ధ్రువపరచే తొమ్మిది తాళపు చెవులలో అయిదు దొంగల చేతికి చిక్కడం దానికి కారణం. ఆరు రోజుల వరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆట కూలడానికి ఈ దొంగతనమే కారణమని చెప్పేవారు ఉన్నారు. తేదీలు చూస్తే ఆ వాదం నిలవదు. దొంగలు రాకముందే బిళ్ల వెల శిఖరంనుంచి నలభయ్యవ వంతుకు పడి ఉన్నది.

బిళ్లల సంఖ్యకు పరిమితి పెడితే చాలునని మరి కొందరి వాదం. దానికి ఇదే ఆటలో జవాబు ఉన్నది. 27 కోట్ల పరిమితి గల ఏఎక్స్‌ఎస్ బిళ్ల 2021 నవంబరులో 160 డాలర్లు దాటి, 2022 చివరకు 10 డాలర్లకన్నా దిగువకు వచ్చింది. అరుదైన వస్తువుకు గిరాకీ ఉంటేనే వెల. ఎవరికీ అక్కరలేని వస్తువు లోకంలో ఒక్కటే ఉన్నా దానికి వెల రాదు.

సాంచా, చీర

ఈ ఆటలో పనిచేసినవారి పరిస్థితిని సిరిసిల్లవారు సులభంగా అర్థం చేసుకొంటారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నూలు సేఠుది, సాంచాలు ఆసామివి, వాటిని నడిపేది కార్మికుడు. కూలి మీటరు లెక్కన వస్తుంది. ఆక్సీలో కూడా ఇటువంటి ఏర్పాటే వెలిసింది. మూడు జీవులను కొనే శక్తి లేనివారికి వాటిని కలవాడు ఆడడానికిచ్చి, వచ్చిన బిళ్లలలో వాటా తీసుకొన్నాడు. దీనికి స్కాలర్‌షిప్ అని అందమైన పేరు పెట్టారు.

రెండింటికీ పోలిక ఉన్నది, ముఖ్యమైన భేదాలు కూడా రెండు ఉన్నాయి. మొదటిది, సిరిసిల్ల కార్మికుని కూలి రూపాయలలో వస్తుంది. ఆ కూలి చాలినంత ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. కాని చేతికి వచ్చిన రూపాయి మరునాటికి అర్ధరూపాయి కాదు. ఆటలోని కూలి బిళ్లలలో వస్తుంది. అందరూ ఎంత ఎక్కువ కష్టపడితే అన్ని ఎక్కువ బిళ్లలు పుట్టి, ఒక్కొక్క బిళ్ల అంత చవక అవుతుంది. అక్కడ పనివాడి కష్టమే అతని కూలిని కరగిస్తుంది.

రెండవ భేదం ఇంకా లోతైనది. సాంచా ఆడితే చివరకు గుడ్డ వస్తుంది. 2017నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్ల సాంచాలకు పని దొరికింది. 2024లో ప్రభుత్వ ఆర్డర్లు లేక సాంచాలు ఆగి, కార్మికులు చిక్కులలో పడ్డారు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన పరిశ్రమకు ఉండే ప్రమాదం అది. ఐనా అప్పటికే నేసిన చీర చీరగానే ఉన్నది, దానిని ఎవరో ఒకరు కట్టుకొంటారు. ఆటలో చీరకు సమానమైన వస్తువు ఏది? ఆడినవానికి కలిగే ఆనందం ఒక్కటే. ధర్మపురి జాతరలో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడు దిగిన తరువాత డబ్బు తిరిగి ఇమ్మని అడగడు. అతడు కొన్నది ఆ తిరుగుడును, అది అతనికి ముట్టింది. రంగులరాట్నం నిలబడేది అటువంటి పిల్లవాని డబ్బు మీదనే. ఎక్కినవారందరూ దిగేటప్పుడు లాభంతో దిగాలంటే ఆ రాట్నం ఒక్కరోజు కూడా నడవదు.

దీనిని సూత్రంగా చెప్పవచ్చును. ఆట లోపల బిళ్లలు పుడతాయి గాని రూపాయి పుట్టదు. ఆటనుంచి బయటికి పోయే రూపాయలు, ఆటలోకి వచ్చిన రూపాయలలో కంపెనీ ఖర్చు, లాభం పోగా మిగిలినదానికి మించవు. భౌతికశాస్త్రంలో శక్తి నిత్యత్వ నియమం ఎటువంటిదో ఇక్కడ ఇది అటువంటిది. ఇక చూడవలసినది లోపలికి వచ్చే రూపాయి ఎందుకు వచ్చింది అన్నదే. ఆనందం కోసం వస్తే ఆట నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువ రూపాయలను బయటికి తీసుకొనిపోవడానికి వస్తే నిలవదు.

పాత ఆటల అనుభవం

బ్లాక్‌చెయిన్ పుట్టకముందే ఆటల నిర్మాతలు ఈ సమస్యను ఎదుర్కొన్నారు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ అనే ఆటలో సరుకుల మొత్తాన్ని స్థిరంగా ఉంచి, వాడినంత మేర తిరిగి పుట్టేటట్లు చేశారు. కాగితం మీద అది చక్కని చక్రం. ఐతే ఆటగాళ్లు సరుకులను వాడక దాచిపెట్టారు. దాచినవి వాడుకలోకి రావు గనుక కొత్తవి పుట్టలేదు. చివరకు నిర్మాతలు ఆ పద్ధతి విడిచిపెట్టి, రాకపోకలు వేరువేరుగా ఉండే పద్ధతికి మారారు. లెక్కలో మనుషుల అలవాట్లను చేర్చకపోతే ఏమవుతుందో దీనివలన తెలుస్తుంది.

2003లో ఐస్‌లాండ్ దేశస్థులు ప్రారంభించిన ఈవ్ ఆన్‌లైన్ ఇప్పటికీ నడుస్తున్నది. ఆ సంస్థ 2007లో ఒక ఆర్థిక శాస్త్రజ్ఞుని నియమించి ఆటలోని ద్రవ్యాన్ని పరిశీలింపజేసింది. ద్రవ్యం ఎంత పుట్టింది, ఎంత రద్దయింది అనే లెక్కలను ప్రకటిస్తూ వచ్చింది. అందులో పన్నులు, రుసుముల రూపంలో ద్రవ్యం రద్దవుతుంది. యుద్ధాలలో ఓడలు నిజంగా నశిస్తాయి గనుక పాత ఆటగానికే మళ్లీ కొత్త ఓడ కావలసి వస్తుంది. ఆక్సీ జీవులు అరగనివి, ఈవ్ ఓడలు విరిగేవి. ఒకటి కూలి మరొకటి నిలవడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది. రెండవ కారణం, ఈవ్ నాణేన్ని నిజమైన డబ్బుకు అమ్ముకోవడం ఆ ఆట నియమాలకు విరుద్ధం. అక్కడ ఆడేవారు సంపాదనకు రారు, చందా కట్టి ఆనందానికి వస్తారు.

2012లో డయాబ్లో 3 అనే ఆటలో వస్తువులను నిజమైన డబ్బుకు వేలం వేసుకొనే బజారు తెరిచారు. మంచి కత్తి కోసం పోరాడడంకన్నా కొనడం తేలికైనప్పుడు పోరాటంలో రుచి పోయింది. 2014 మార్చిలో నిర్మాతలే ఆ బజారును మూసివేశారు.

నిలిచే ఆటకు నిబంధనలు

ఈ అనుభవాలనుంచి నాలుగు నిబంధనలు తేలుతాయి. మొదటిది, బిళ్లలు పుట్టేదీ రద్దయ్యేదీ ఒకే ఆటగాని చేతిమీదుగా జరగాలి. మరమ్మతు, ప్రవేశ రుసుము, అలంకారం వంటివాటికి పాతవాడే మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టాలి. తూము కొత్తవాని గుమ్మంలో ఉండరాదు. రెండవది, పుట్టే బిళ్లల రేటును పరిస్థితిని బట్టి మార్చే వీలుండాలి, లెక్కలు నెలనెలా ప్రకటించాలి. మూడవది, సంపాదించడానికి వచ్చినవారికన్నా ఆనందం కోసం ఖర్చు పెట్టేవారి రూపాయలు ఎక్కువగా ఉండాలి. నాలుగవది, డబ్బుగా మార్చుకొనే ద్వారం సన్నగా ఉండాలి. పిల్లలు ఆడే ఆటలో అది అసలే ఉండరాదు.

ఇవన్నీ పాటించిన ఆట నిలుస్తుంది. ఐతే దానిలో సామాన్యునికి జీతం దొరకదు. కొద్దిమంది నిపుణులకు బహుమతులు, ఆటకు బొమ్మలు గీసేవారికి, కొత్త కథలు కట్టేవారికి ఆదాయం దొరకవచ్చును, ఎందుకంటే వారు తోటివారి ఆనందానికి పనికివచ్చే వస్తువు చేస్తున్నారు. రోజుకు నాలుగు గంటలు తెరమీద నొక్కినవారందరికీ కూలి ఇస్తామనే ఆట మాత్రం పై నిబంధనలలో ఏదో ఒకదానిని ఉల్లంఘించి తీరుతుంది. ‘నిలకడగల సంపాదన ఆట’ అనే మాటలోనే ఉన్న వైరుధ్యం ఇది. నిర్మాతలు ఎంత నేర్పుగా తూములు మార్చినా ఈ వైరుధ్యం తొలగదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2022 ఏప్రిల్ 1నుంచి మన దేశంలో ఇటువంటి డిజిటల్ ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను వచ్చింది. ఒక బిళ్లలో వచ్చిన నష్టాన్ని మరొక దానిలోని లాభంతో సరిపెట్టుకొనే వీలు ఇవ్వలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించింది. పందెం అనే మాట కింద రూపాయలే గాక, డబ్బు పెట్టి కొన్న, డబ్బుగా మారగల నాణేలు, టోకెన్లు కూడా వస్తాయని అందులో నిర్వచించారు. ఐనా ఒక పేరు నిషేధిస్తే మరొక పేరుతో వచ్చే వస్తువు ఇది. పేర్లను వెంటాడడం ప్రభుత్వపు పని, లెక్కను పట్టుకోవడం నేర్పడం బడి పని.

తరగతి గదిలో

ఈ పాఠానికి కంప్యూటరు అక్కరలేదు, ఒక గ్రాఫు కాగితం చాలును. అడ్డుగీత మీద రోజులు, నిలువుగీత మీద ఆటగాళ్ల సంఖ్య వేయించాలి. పైన చెప్పిన 10,000తో మొదలుపెట్టి 21 రోజులకు ఒకసారి రెట్టింపు చేస్తూ చుక్కలు పెట్టించాలి. జగిత్యాల జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం దాదాపు 10 లక్షలు. ఆ సంఖ్య దగ్గర ఒక అడ్డుగీత గీయించి, వంపుగీత దానిని ఎన్నవ రోజున దాటుతుందో విద్యార్థులచేతనే కనిపెట్టించాలి. అయిదు నెలలు కూడా పట్టదని వారికే తెలుస్తుంది.

ఆ తరువాత ఒకే ప్రశ్న అడగవలసి ఉంటుంది: ఈ రోజునుంచి కొత్తవాడు ఒక్కడూ రాకపోతే, ఇప్పుడు ఆడుతున్నవారికి రేపు డబ్బు ఎవరు ఇస్తారు? ఏ ఆటను గురించి అడిగినా, ఏ పథకాన్ని గురించి అడిగినా ఈ ప్రశ్న పనిచేస్తుంది. దానికి సూటియైన జవాబు వచ్చినప్పుడు ఆ జవాబును లెక్క కట్టి చూడవచ్చును. జవాబు రాకపోతే లెక్క కట్టవలసిన అవసరం కూడా లేదు. గల్ఫ్ ఎండలో తండ్రి సంపాదించి పంపిన రూపాయిని ఆ బిళ్లలో పోయకుండా ఉంటే చాలును.